టైర్లలో యాభై ఒకటి

ఆ రోజుల్లో అచ్చులో వచ్చినదంతా నిజమని నమ్మేవాణ్ణి. ఇందులో వింతేమీ లేదు, ఇరవై నాలుగేళ్ల వయసులో చాలామంది నమ్ముతారు. నా విషయంలో చిక్కేమిటంటే, నేను రాసి అచ్చు వేయించినది కూడా నమ్మేవాణ్ణి. సాయంత్రం నాలుగున్నరకు కుర్చీలో కూర్చుని, గోళ్లు కొరుక్కుంటూ, సగం తెలిసీ సగం తెలియకా రాసిన వాక్యం మర్నాడు పొద్దున టీ కొట్టు దగ్గర పేపర్లో కనిపించేసరికి, ఎవరో పెద్దమనిషి ఎంతో పరిశోధించి రాసినట్టుండేది. కంప్యూటర్ తెర మీద ఉన్నప్పుడు దాని గురించి నాకున్న అనుమానాలన్నీ ముద్రణ యంత్రంలోంచి బయటికి వచ్చేసరికి ఇస్త్రీ చేసినట్టు సాపైపోయేవి. ఈ జబ్బు తగ్గడానికి నాకు నాలుగు కారు టైర్లు, పది పన్నెండు రోజులు పట్టాయి. (ఇప్పటికీ పూర్తిగా తగ్గిందని చెప్పలేను. ఈ వ్యాసం అచ్చులో చూసుకున్నాక చెబుతాను.)

మా పత్రికకు మాదాపూర్‌లో ఒక చిన్న జోన్ ఆఫీసు ఉండేది. మియాపూర్ నుంచి మణికొండ దాకా ఉన్న జనానికి రోజూ ఒక పేజీ నింపి ఇవ్వడం దాని పని. మెట్రో స్తంభాలు ఒక్కొక్కటే లేస్తున్న కాలం కనుక ఏ రోడ్డు మూశారు, ఏ రోడ్డు తెరిచారు, తెరిచిన రోడ్డును మళ్లీ ఎందుకు మూశారు అన్న మూడు వార్తలతో సగం పేజీ దానంతటదే నిండేది. మిగతా సగం మేం నింపాలి. ఆఫీసు ఒక బేకరీ పైన ఉండడం వల్ల మా వార్తలన్నిటికీ ఎగ్ పఫ్ వాసన ఉండేది. మనుషులం ముగ్గురం. పేజీ పెట్టే ఆపరేటర్ పొద్దస్తమానం చెవుల్లో పాటలు పెట్టుకుని ఉండేవాడు కనుక ఈ కథలో ఆయనకు పాత్ర లేదు. మిగిలింది నేను, మా ఇన్‌ఛార్జి.

ఇన్‌ఛార్జికి నా ముందు పనిచేసి వెళ్లిన ట్రైనీలు స్కేలు సార్ అని పేరు పెట్టి వెళ్లారు. ఆయన చేతిలో ఎప్పుడూ ఒక స్టీలు స్కేలు ఉండేది. ఏ వార్తనైనా ముందు కొలిచేవారు, తర్వాత చదివేవారు. శేరిలింగంపల్లి ఆయన సొంతూరు. అద్దాల మేడల మధ్య నుంచి పోతున్నప్పుడు స్టీరింగ్ మీంచి ఒక వేలు లేపి, "గా మూడో అంతస్తు ఉన్న కాడ మా తాత మంచె ఉండె," అని చూపించేవారు. ఆయనకు రెండు గర్వాలు. ఒకటి, తాను చూసే పేజీలో తప్పు ఒప్పుకుంటూ వేసే సవరణ ఇంతవరకు ఒక్కటి కూడా పడలేదు. రెండోది, రెండు నెలల కిందట కొన్న కారు. ఇరవై ఏళ్లు స్కూటర్ మీద తిరిగి, యాభై దాటాక డ్రైవింగ్ నేర్చుకుని కొన్న చిన్న తెల్ల కారు. సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లు ఇంకా తీయలేదు. నేను మియాపూర్‌లో గది తీసుకుని ఉండేవాణ్ణి, ఆయన ఇల్లు నాకు రెండు సందుల అవతల. రోజూ పొద్దున నన్ను ఎక్కించుకుని వచ్చేవారు. ఎండాకాలంలో ఆ ప్లాస్టిక్ మీద కూర్చుంటే, దిగేటప్పుడు చొక్కా నాతోపాటు దిగడానికి ఇష్టపడేది కాదు.

నేను అప్పటికి తొమ్మిది నెలలుగా ట్రైనీని. నిజానికి ఆరు నెలలకే ఉద్యోగం ఖాయం కావాలి. మొదటిసారి సార్ "ఇంకొంత గమనించాలి" అని రాయడంతో మూడు నెలలు పొడిగించారు. ఆ గడువు ఆ నెలాఖరుతో అయిపోతోంది. రెండో పొడిగింపు ఉండదని హెడ్డాఫీసు వాళ్లు కాగితం మీద రాసి మరీ పంపారు. నెలాఖరుకు సార్ ఒక ఫారం నింపుతారు, అందులో ఆయన ఏం రాస్తే అది. ఖాయమైతే ఉద్యోగం, కాకపోతే తణుకు బస్సు. తణుకులో మా నాన్న నా ఉద్యోగం ఖాయమైందని మొదటి ఆర్నెల్లకే చుట్టాలందరికీ చెప్పేసి ఉన్నారు. ఫోన్ చేసినప్పుడల్లా, పక్కన ఎవరో ఉన్నట్టు గొంతు తగ్గించి, "కాగితం వచ్చిందా?" అని అడిగేవారు.

ఆ నెల మూడో వారంలో ఒక సోమవారం సాయంత్రం, నాలుగున్నరకు, ఒక అపార్ట్‌మెంట్ల ప్రకటన పేజీలోంచి ఎగిరిపోయింది. ప్రకటన పోతే మా ఆఫీసులో ముందు వినిపించేది నిట్టూర్పు కాదు, స్కేలు చప్పుడు. సార్ కొలిచారు.

"రెండు కాలమ్‌లు, పన్నెండు సెంటీమీటర్లు. ఐదున్నరకు పేజీ పోవాలె. జనానికి పనికొచ్చేది ఏదన్న రాయి. ఎండలు మండుతున్నయ్, ఔటర్ రింగ్ రోడ్డు మీద టైర్లు పేలుతున్నయంటున్నరు. టైర్ల గాలి ఎంత ఉండాలె, గది రాయి."

"సార్, నాకు కారు లేదండి."

"చావు వార్త రాసెటోనికి చచ్చిన అనుభవం ఉండాల్నా? పోయి చూసి రాయి. చూడంది మాత్రం రాయకు."

చూడనిది రాయకూడదన్నది ఆయన నాకు మొదటి రోజు నుంచీ నూరిపోసిన సూత్రం. టైర్లలో గాలి గురించి నాకున్న జ్ఞానమంతా సైకిలుకు సంబంధించినది. బొటనవేలితో నొక్కితే లోపలికి పోకూడదు, అంతే. కనుక నోట్‌బుక్ పట్టుకుని సెల్లార్‌లోకి దిగాను. అక్కడ రెండు స్కూటర్లు, సార్ తెల్ల కారు ఉన్నాయి. ముందు టైరు ఎదురుగా గొంతుక్కూర్చుని, తల పక్కకు వంచి, గుండ్రంగా అచ్చుపోసి ఉన్న ఇంగ్లీషు అక్షరాలన్నీ చదివాను. (ఒక టైరు మీద ఎంత సాహిత్యం ఉంటుందో చాలామందికి తెలియదు.) ఆ సాహిత్యంలో ఒక మూల, గాలి గరిష్ఠంగా యాభై ఒకటి అని స్పష్టంగా ఉంది.

ఇక్కడ నా చదువు గురించి ఒక మాట చెప్పాలి. ఇంటర్మీడియట్ రెండేళ్లూ నన్ను హాస్టల్ ఉన్న ఒక కాలేజీలో పెట్టారు. అక్కడ ప్రశ్నపత్రం మీద గరిష్ఠ మార్కులు డెబ్భై ఐదు అని ఉంటే, డెబ్భై నాలుగు వచ్చినవాడు లేచి నిలబడి ఆ ఒక్కటీ ఎక్కడ పోయిందో క్లాసుకు వివరించాలి. అలాంటి చోట తయారైనవాడికి గరిష్ఠం అన్న మాట ఒక హద్దులా కనిపించదు, చేరుకోవలసిన చోటులా కనిపిస్తుంది. యాభై ఒకటి దాకా అనుమతి ఉన్నప్పుడు ముప్పైకో నలభైకో ఆగిపోవడం నాకు ఉత్త బద్ధకం అనిపించింది. పైకి వచ్చి రాశాను. చాలామంది వాహనదారులు అశ్రద్ధ వల్ల తక్కువ గాలితో తిరుగుతున్నారనీ, ఎంత నింపాలో టైరు మీదే రాసి ఉంటుందనీ, ఉదాహరణకు ఒక చిన్న కారుకు యాభై ఒకటి ఉండడం శ్రేయస్కరమనీ రాశాను. "టైరు మాట వినండి" అని శీర్షిక పెట్టాను. చివర్లో, రాసే విషయం తెలియనప్పుడు మా వృత్తిలో అందరూ చేర్చే వాక్యం ఒకటి చేర్చాను: "అయినా మీ కారు కంపెనీ సూచనలు ఒకసారి చూసుకోవడం మంచిది."

సార్ ప్రింటు తీయించి ఎర్ర పెన్ను పట్టారు. "ఎయిర్ ప్రెషర్" కొట్టేసి "గాలి పీడనం" అని రాశారు. ఒక కామా తీశారు, ఒకటి పెట్టారు. స్కేలు పెట్టి చూశారు. అర సెంటీమీటరు ఎక్కువైంది. చివరి వాక్యం కొట్టేశారు. నేను రాసిన ఆ బాక్సు వార్త మొత్తంలో నిజమైన వాక్యం అదొక్కటే అని ఆ సమయంలో మా ఇద్దరికీ తెలియదు.

"మంచిగ రాసినవ్," అన్నారు. తొమ్మిది నెలల్లో ఆ మాట వినడం అదే మొదలు. "చూసి రాస్తె గిట్లుంటది."

మర్నాడు పొద్దున మియాపూర్ దాటగానే ఆయన కారును పెట్రోల్ బంకులోకి తిప్పి, గాలి పట్టే యంత్రం ముందు ఆపారు. అక్కడి మనిషి పైపు తీసుకుని వచ్చాడు.

"ఎంత పెట్టాలె సార్?"

"యాభై ఒకటి."

అతను సార్‌నూ కారునూ మార్చి మార్చి చూశాడు. "చిన్న బండి కద సార్. అందరికి ముప్పై, ముప్పై రెండు పెడతం."

సార్ ముందు అద్దం దగ్గర ఉన్న మా పేపర్ తీసి, మడత విప్పి కిటికీలోంచి అందించారు. "చదువొస్తదా?"

"వస్తది సార్."

"చదువు."

అతను నిలబడి మొత్తం చదివాడు. పీడనం అన్న మాట దగ్గర కొంచెం ఆగి, దాటాడు. "పేపర్ల వచ్చిందా సార్," అని, ఇంకేం మాట్లాడకుండా యంత్రం మీద యాభై ఒకటి నొక్కాడు. నా రచన సమాజం మీద ప్రభావం చూపడం నేను కళ్లారా చూసింది అప్పుడే. ఉద్వేగం బయటపడకుండా కిటికీలోంచి అటువైపు చూస్తూ కూర్చున్నాను.

ఆ తర్వాతి ప్రయాణం గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. మెట్రో పనులకు తవ్వి పూడ్చిన ప్రతి అతుకునూ ఆ కారు విడివిడిగా మాకు పరిచయం చేసింది. స్పీడు బ్రేకర్ దిగాక కూడా మూడుసార్లు ఎగిరేది, ఏదో గుర్తుకొచ్చినట్టు. హఫీజ్‌పేట దగ్గర నా తల పైకప్పుకు తగిలింది. కొత్తగూడ దగ్గర మళ్లీ తగిలింది. "చూసినవా, స్టీరింగ్ ఎంత సులువుగ తిరుగుతున్నదో," అన్నారు సార్ మెరుస్తున్న కళ్లతో. "ఇన్ని దినాలు మెత్తటి టైర్లతోని నడిపిన. చెప్పెటోడు లేక." నేను వినయంగా తల వంచాను. (ఎత్తి ఉంచడం క్షేమం కాదని కూడా అప్పటికి అర్థమైంది.)

బుధవారం మధ్యాహ్నం ఆఫీసుకు ఒక ఫోన్ వచ్చింది. సార్ ఆ సమయంలో టేబుల్ మీద తల పెట్టుకుని ఇరవై నిమిషాలు కునుకు తీసేవారు. నేను ఎత్తాను.

"ఆ టైర్ల గురించి రాసింది ఎవరండి?"

"నేనేనండి," అన్నాను, పొగడ్త కోసం కుర్చీలో సర్దుకుంటూ.

"నేను గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తానండి. టైరు మీద ఉండేది ఆ టైరు తట్టుకోగలిగే హద్దు. ఎంత పెట్టాలన్నది కారును బట్టి ఉంటుందండి. డ్రైవర్ తలుపు తెరిస్తే, తలుపు వచ్చి ఆనుకునే చోట చిన్న స్టిక్కర్ ఉంటుంది. అందులో ఉన్నదే పెట్టాలి. చిన్న కార్లకు ఓ ముప్పై ఉంటుంది. యాభై ఒకటి పెడితే టైరు ఉబ్బి, మధ్య భాగమే రోడ్డును తాకుతుందండి. పట్టు తగ్గుతుంది. గట్టిగా బ్రేకు వేస్తే జారొచ్చు." ఆయన గొంతులో కోపమేమీ లేదు, తన టీములో కొత్తగా చేరినవాడికి చెబుతున్నట్టుంది. "మీకు కారుందాండి?"

"లేదండి."

"అదే అనుకున్నానండి," అని మర్యాదగా పెట్టేశారు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేటప్పుడు సార్ పెరుగు ప్యాకెట్ కోసం కొండాపూర్‌లో కారు ఆపి, తలుపు తెరిచిపెట్టి దిగారు. నేను డ్రైవర్ సీటు మీదుగా వంగి చూశాను. స్టిక్కర్ ఉంది. ముప్పై అని ఉంది. పక్కన చిన్న కారు బొమ్మ, చిన్న టైరు బొమ్మ కూడా ఉన్నాయి, చదువు రానివాళ్ల కోసం కాబోలు.

నిజం చెప్పడమంటే సవరణ వేయించడం. సవరణ అంటే ఆయన పేజీలో మొట్టమొదటి సవరణ, అదీ నా వల్ల, అదీ ఫారం నింపడానికి పది రోజుల ముందు. తణుకు బస్సు బయలుదేరడం నాకు కళ్ల ముందు కనిపించింది. చెప్పకపోతే సార్, ఆయన భార్య, వాళ్ల కొత్త కారు, ఇంకా మా పేపర్ చదివి టైర్లు నింపుకున్న జనం. ఎంతమందో తెలియదు. ధైర్యవంతుడైతే మొదటి దారి పట్టేవాడు, దుర్మార్గుడైతే రెండోది. నేను రెండూ కాకపోవడం వల్ల మూడోది కనిపెట్టాను. ముందు సార్ టైర్లలో గాలి చాటుగా తగ్గించేస్తే సరిపోతుందనుకున్నాను. మిగతా జనం సంగతి తర్వాత చూద్దాం అనుకున్నాను. (ఆ "తర్వాత" ఎప్పుడన్నది ఆలోచించకుండా ఉండడానికి చాలా శ్రమపడ్డాను.)

గురువారం మధ్యాహ్నం, సార్ తల టేబుల్ మీదికి చేరగానే, సెల్లార్‌లోకి దిగాను. టైరు మూత విప్పి, ఆఫీసు పెన్ను మొనతో లోపలి పిన్ను నొక్కాను. సెల్లార్ అంతా పాము బుస కొట్టినట్టు మారుమోగింది. స్తంభం చాటు నుంచి వాచ్‌మన్ వచ్చాడు. పాలమూరు వైపు మనిషి, ఎవరికీ అడ్డం రానివాడు.

"ఏం సారూ, గాలి తీస్తున్నరా?"

"తీయడం కాదు, ఎక్కువైంది. సరిచేస్తున్నా."

"పెద్దసారు చెప్పిండా?"

"ఆఁ."

ఆ ఒక్క అక్షరం చాలు, ఆ రోజు నుంచి అతను నాకు సహాయకుడైపోయాడు. నేను ఒక్కో టైరు దగ్గర కూర్చుంటే, మూతలు నాలుగూ అరచేతిలో పట్టుకుని పక్కన నిలబడి, ఒక్కటి కూడా పోకుండా తిరిగి ఇచ్చేవాడు. నా దగ్గర కొలిచే గేజీ లేదు. బొటనవేలు ఉంది, మనసులో అంకెలు లెక్కపెట్టుకోవడం ఉంది. ఫలితం శుక్రవారం పొద్దున బంకులో తేలింది. అక్కడి మనిషి చదువుతుంటే సార్ నోట్‌బుక్‌లో రాసుకున్నారు. నలభై, ముప్పై నాలుగు, ఇరవై ఆరు, నలభై మూడు.

"యాభై ఒకటి పెట్టు," అన్నారు సార్. అతను పెట్టాడు. మధ్యాహ్నం నేను మళ్లీ తీశాను.

అలా ఐదు రోజులు గడిచాయి. పొద్దున ఆయన నింపడం, మధ్యాహ్నం నేను తీయడం. ఒక కుటుంబం నడిచినంత పద్ధతిగా నడిచింది. ఆదివారం ఒక్కరోజు నాకు సెల్లార్ లేదు, ఆ రోజే సార్ ఇంటావిడను కారులో చుట్టాలింటికి తీసుకెళ్లారు. "కారా, ట్రాక్టరా అని అడిగింది మా ఇంటామె," అని సోమవారం చెప్పారు. "నడుము పట్టుకున్నదట. ఆమెకు మంచి టైర్లు అలవాటు లేదు."

బుధవారం పొద్దున ఆఫీసులో కూర్చోగానే సార్ నోట్‌బుక్ నా ముందు పెట్టారు. ఆరు రోజుల అంకెలు, నాలుగు టైర్లకు నాలుగు గళ్లు, అన్నీ స్కేలు పెట్టి గీసినవే.

"చూడు. రోజు నింపుతున్న, రోజు పోతున్నది. నాలుగు టైర్లకు ఒక్కతీర్గ పంచర్ పడదు. అంటే బంకు మిషిన్ల దొంగతనం ఉన్నది. నింపకనే యాభై ఒకటని చూపిస్తున్నది. సైబరాబాద్‌ల ఎంతమందిని గిట్ల ముంచుతున్నరో. ఇది స్టోరీ."

నేను జేబులోని పెన్నును ఇంకొంచెం లోపలికి తోశాను.

"నాలుగు కాలమ్‌లు ఇడిసిపెట్టిన. గాలి దోపిడీ, అని హెడ్డింగ్ గూడ పెట్టిన. నువ్వే చెయ్యాలె. మంచిగ తెస్తె నీ ఫారంల రాయనీకె నాకు ఒక ముచ్చట ఉంటది. లేకుంటె ఏం రాయాలె చెప్పు. పఫ్‌లు మంచిగ తింటడని రాయాల్నా?"

నెలాఖరుకు ఇంకా నాలుగు రోజులున్నాయి. పరిశోధన చేయవలసిన నేరం, నేరస్తుడు, అతను వాడిన పెన్ను, అన్నీ నా దగ్గరే ఉన్నాయి. ఇంత దగ్గరి ఆధారాలు నా వృత్తిలో మళ్లీ ఎప్పుడూ దొరకలేదు. ఆ సాయంత్రం మొదటి పేరా కూడా రాశాను. అది బాగా రావడం నన్ను మరింత భయపెట్టింది. చివరికి పిరికివాడికి తోచే ఉపాయమే తోచింది, నిజం ఇంకెవరి నోటి నుంచైనా వస్తే బాగుండునని. "సార్, ఒకవైపే వినడం పద్ధతి కాదు కదండి," అన్నాను. "బంకులో నింపించి, తిన్నగా ఒక పంక్చర్ షాపుకు తీసుకెళ్లి కొలిపిద్దామండి. మిషిన్ తప్పయితే అక్కడ తేలిపోతుంది." ఆయనకు నచ్చింది. "ఇప్పుడు రిపోర్టర్ లెక్క మాట్లాడినవ్," అన్నారు.

గురువారం పొద్దున బంకు నుంచి తిన్నగా కొండాపూర్ దగ్గర ఉన్న షాపుకు వెళ్లాం. షాపంటే ఒక ఇనుప డబ్బా, ముందు పాత టైర్లు, వాటి మీద కూర్చున్న ఒక పెద్దాయన. ఆ రోడ్డు మీద తిరిగే అందరికీ ఆయన చాచా. ఆయన గేజీ పెట్టి చూశాడు. ఊది, మళ్లీ పెట్టి చూశాడు.

"సాబ్, యాభై ఒకటి ఉన్నది."

"నాలుగింటికా?" అన్నారు సార్.

"నాలుగింటికి. ఎవరు పెట్టిన్రు సాబ్? ఇది కారా, లారీయా?"

"టైర్ మీద రాసి ఉన్నది."

"టైర్ మీద చానా రాసి ఉంటది. టైర్ కంపెనీవాళ్లకు ఏమెరుక, అది ఏ బండికి ఎక్కుతదో, మీ ఇంట్ల ఎంతమంది కూసుంటరో. జర ఇటు రాండ్రి." చాచా డ్రైవర్ తలుపు తెరిచి స్టిక్కర్ మీద నల్లటి వేలు పెట్టాడు. "ఇది చదవాలె. ముప్పై. బండి నిండ జనం, సామాన్ ఉంటె ముప్పై మూడు, అది గూడ ఇక్కడ్నే రాసి ఉన్నది. పొద్దుగాల బండి చల్లగ ఉన్నప్పుడు చూసుకోవాలె. బస్, ఇంతే కత."

"పేపర్ల యాభై ఒకటి అని వచ్చింది," అన్నారు సార్.

"ఏ పేపర్ సాబ్?"

రోడ్డు అవతల ఒక కొత్త మేడకు అద్దాలు బిగిస్తున్నారు, సార్ అటు చూశారు.

"రాసినోనికి కారు లేదనుకుంటా," అన్నాడు చాచా నాతో, సానుభూతి కోసం. నేను కూడా ఆ అద్దాల వైపే చూశాను.

చాచా నాలుగు టైర్లకూ సబ్బునీళ్లు రాసి చూశాడు. ఒక్క బుడగ రాలేదు. గాలి ముప్పైకి దించి, మూతలు బిగించి, చేతులు తుడుచుకున్నాడు. "లీక్ లేదు సాబ్. బంకోని తప్పు గూడ లేదు. రోజు పోతుందంటె ఎవరో తీస్తున్నట్టు. ఆఫీసుల మీకు దుష్మన్ ఉన్నడా?"

ఆఫీసుకు బయలుదేరాం. ముప్పై మీద కారు మెత్తగా, మాట వినే ఎద్దులా నడిచింది. స్పీడు బ్రేకర్ ఒక్కసారే వచ్చి వెళ్లిపోయింది. అప్పుడు సార్ అన్నారు, "వాచ్‌మన్."

"అండి?"

"సెల్లార్ల పొద్దంత ఉండెటోడు వాడొక్కడే. వాడు గాకపోతె ఎవడు? పోంగనే ఓనర్‌కు ఫోన్ చేసి, ఇయ్యాలనే పంపిచ్చేస్త."

అరచేతిలో నాలుగు మూతలు పట్టుకుని నిలబడ్డ మనిషి నాకు గుర్తొచ్చాడు. అతనికి ఎక్కే బస్సు కూడా ఉందో లేదో నాకు తెలియదు.

"సార్, వాచ్‌మన్ కాదండి. నేనండి."

ఆయన కారు ఎడమకు తీసి ఆపారు. ఇండికేటర్ వేసి మరీ ఆపారు. నేను ఫోన్ వచ్చిన బుధవారం నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను. ఆయన ముందు అద్దంలోంచి చూస్తూ విన్నారు.

"దేనితోటి తీసినవ్?"

"పెన్నుతోనండి."

"ఆఫీసు పెన్నా?"

"అవునండి."

"నిన్నటి సంది నేను బంకోన్ని దొంగ అనుకుంటుంటె చూసుకుంట కూసున్నవ్."

"అవునండి."

"గాలి దోపిడీ స్టోరీ రాస్తుంటివా?"

"మొదటి పేరా రాశానండి."

"మంచిగ వచ్చిందా?"

"బాగానే వచ్చిందండి."

సార్ మళ్లీ ఇండికేటర్ వేసి కారు కదిలించారు. ఆ బాక్సు చివరి వాక్యం కొట్టేసింది ఎవరో ఆ క్షణంలో నాకు బాగా గుర్తొచ్చింది. నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను. (ఆ తొమ్మిది నెలల్లో నేను చేసిన మంచి సంపాదకత్వం అదొక్కటే.)

ఆఫీసుకు రాగానే ఆయన పాత ప్రింట్ల కట్ట దించి, ఆ సోమవారం కాగితం వెతికి తీశారు. నిలబడే చదివారు. చివరికి వచ్చాక చాలాసేపు అక్కడే ఉన్నారు. తన ఎర్ర గీత మీద స్కేలు పెట్టి కొలిచి, కాగితాన్ని తిరిగి కట్టలో పెట్టేశారు.

"సవరణ రాయి. రెండు కాలమ్‌లు, పన్నెండు సెంటీమీటర్లు. అదే జాగల."

"సవరణకు రెండు సెంటీమీటర్లు చాలు కదండి."

"తప్పు పన్నెండు రాసి, ఒప్పు రెండు రాస్తవా?"

రాశాను. పొరపాటున ప్రచురితమైంది అని మొదలుపెడితే కొట్టేసి, తప్పు రాశాం అని దిద్దారు. స్టిక్కర్ ఎక్కడుంటుందో, దాన్ని ఎలా చదవాలో, ఎప్పుడు చూసుకోవాలో అంతా రాశాం. ఈసారి ఏ వాక్యమూ కొట్టేయలేదు. శుక్రవారం పొద్దున నన్ను ఫోన్ పక్కన కూర్చోబెట్టారు. అంతకుముందు ఏదో ఒక వార్త గురించి ఆఫీసుకు ఫోన్ చేసి నంబర్లు ఇచ్చినవాళ్లు, సర్క్యులేషన్ వాళ్ల దగ్గరున్న చందాదారులు, అందరికీ ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, తప్పు జరిగిందని చెప్పి, ఎంత గాలి ఉందో చూసుకోమనాలి. ప్రమాదం జరిగిందని చెప్పే గొంతు ఎలా ఉంటుందో ఊహించుకుంటూ మొదటి నంబరు నొక్కాను.

"అయ్యో, మేం నింపలేదండి," అన్నారు మొదటాయన. "బంకులో అతను ఎంత పెడితే అంతేనండి." మణికొండ నుంచి ఒకావిడ, ఆ బాక్సు వెనకవైపు చీరల కూపన్ ఉంటే కత్తిరించాననీ, ఇటువైపు ఏముందో చూడలేదనీ చెప్పారు. మియాపూర్‌లో ఒక పెద్దాయన నా క్షమాపణ మొత్తం ఓపికగా విని, "వాన పడుతుందని మీ పేపర్లో వస్తే నేను గొడుగే తీసుకెళ్లను బాబూ, టైర్లు ఎలా నింపుతాను," అని ఓదార్చారు. సాయంత్రం దాకా చేశాను. చివరికి నంబర్లు అయిపోయాయి.

"ఎంతమంది నింపిన్రు?" అని అడిగారు సార్.

"ఎవరూ నింపలేదండి."

"ఒక్కరు గూడ?"

"ఒక్కరు కూడా లేరండి."

ఆయన ఊపిరి పీల్చుకుంటారనుకున్నాను. పీల్చుకున్నారు కూడా. కాని తర్వాత స్కేలును టేబుల్ మీద అటూ ఇటూ జరుపుతూ, "అంటే నేనొక్కన్నేనా," అన్నారు.

ఆ నెలాఖరుకు ఆయన నింపిన ఫారం నేను తర్వాతెప్పుడో హెడ్డాఫీసులో చూశాను. మూడే మూడు వాక్యాలు. "స్వయంగా చూసి రాస్తాడు. చూసిందేమిటో అర్థం కావడానికి కొంత సమయం పడుతుంది. ఉంచుకోవచ్చు." ఉంచుకున్నారు. కాగితం వచ్చిందని తణుకుకు ఫోన్ చేస్తే మా నాన్న, "మెల్లగా మాట్లాడరా, అది ఎప్పుడో వచ్చేసిందని అందరికీ చెప్పాను," అన్నారు.

ఆ తర్వాత చాలా ఏళ్లు, చాలా పేజీలు నింపాను. ఎన్నికల గురించి రాశాను, బడ్జెట్ల గురించి రాశాను, జనం ఎలా బతకాలో కూడా అప్పుడప్పుడు రాశాను. చదివినవాళ్లు బాగుందన్నారు, బాగోలేదన్నారు, ఫోన్లలో ఒకరికొకరు పంపించుకున్నారు, ఎవరి పని వాళ్లు చేసుకున్నారు. సెల్లార్‌లో తల పక్కకు వంచి టైరు చదువుతున్న ఆ కుర్రవాడు గుర్తొచ్చినప్పుడు నవ్వొస్తుంది, కొంచెం అసూయ కూడా కలుగుతుంది. అతను రాసిన ప్రతి అక్షరాన్నీ నమ్మి, మర్నాడు పొద్దున్నే ఆచరణలో పెట్టిన పాఠకుడు ఒకరుండేవారు. నాకు అలాంటివారు మళ్లీ దొరకలేదు. దొరికిన ఆ ఒక్కరికీ మేం తప్పు అంకె ఇచ్చాం.